ఏడుగురు మిగిలారు

బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. జీతం తీసుకునే రోజున సంతకానికి తప్ప ఆ పేరుకు పెద్దగా పనీ లేదు. పిల్లలకీ, టీచర్లకీ, ఆఖరికి బడి బస్సుల డ్రైవర్లకీ ఆమె ఐదులమ్మ. పదిమంది ఒకచోట కనిపిస్తే చాలు, ఆమె కళ్ళు వాళ్ళను ఐదేసి చొప్పున కట్టలు కట్టేస్తాయి. పెదవులు కదులుతాయి. ఐదు, పది, పదిహేను, మీద రెండు. పదిహేడు మంది. మనమైతే వేలు చూపిస్తూ ఇంకా ఎనిమిది దగ్గరే ఉంటాం.

ఈ విద్య ఆమెకు బడిలో అబ్బింది కాదు. ఏడో తరగతితో చదువు ఆపేసి, పదిహేడో ఏట కోళ్ళ హేచరీలో చేరింది. గుడ్డులోంచి వచ్చిన పిల్లల్ని పెట్టెల్లోకి లెక్కపెట్టి వెయ్యడం పని. పెట్టెకు నాలుగు అరలు, అరకు పాతిక పిల్లలు. రెండు చేతులతో ఐదింటిని ఎత్తాలి, ఐదుసార్లు వెయ్యాలి, పక్క అరకు జరగాలి. కోడిపిల్ల ఒకచోట నిలవదు. పక్కదాని కిందికి దూరుతుంది, మీదికెక్కుతుంది. అరలో వేశాక లెక్కపెడదామనుకుంటే అంతే సంగతులు. అందుకే ఎత్తేటప్పుడే లెక్క. తొంభైతొమ్మిది ఉన్న పెట్టె బయటికి పోయిందంటే మర్నాడు తిరిగొచ్చేది, దాని వెనకే సూపర్‌వైజరు నోరూ వచ్చేది. పదేళ్ళలో ఆమె పెట్టె రెండుసార్లు తిరిగొచ్చింది. ఒకసారి జ్వరం వల్ల, ఇంకోసారి పెళ్ళి కుదిరిన హుషారు వల్ల. ఆ రెండూ ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు.

హేచరీ మూతపడ్డాక ఈ బడిలో ఆయాగా చేరింది. ఇరవై ఆరేళ్ళయింది. మూడంతస్తులు, పద్నాలుగు సెక్షన్లు, ముందువైపు వెడల్పాటి మెట్లు, వెనకవైపు ఇనప మెట్లు. రెండో అంతస్తు మొత్తం ఆమె ఇలాకా. మరుగుదొడ్లు, జ్వరమొచ్చిన పిల్లలు పడుకునే గది, ముక్కు తుడుచుకోవడం ఇంకా చేతకాని ఒకటో తరగతి, అన్నీ ఆమెవే. పొద్దున పదిలోగా హాజరు పట్టీలన్నీ పోగుచేసి ఆఫీసులో ఇవ్వడం కూడా ఆమె పనే.

ఇక ఫైర్ డ్రిల్లు సంగతి. ప్రమాదం వస్తే పిల్లల్ని ఎలా బయటికి తేవాలో అలవాటు చెయ్యడానికి ఏడాదికోసారి జరిపేది. వారం ముందే సర్క్యులర్ వచ్చేది: ఫలానా రోజు పదిన్నరకు సైరన్ మోగును. ఆ రోజు పదీ పావుకల్లా పిల్లలు బూట్ల లేసులు బిగించుకుని, పెన్సిళ్ళు డబ్బాల్లో పెట్టేసి, పరుగు పందేనికి గీత దగ్గర నిలబడ్డవాళ్ళలా బెంచీల చివర కూర్చునేవాళ్ళు. పందెమని ఊరికే అనడం లేదు. నిజంగానే పందెం. ముందుగా మైదానంలోకి దిగి వరస కట్టిన సెక్షనుకు కప్పు. లీడరు సున్నపు గీత మీదికి పరిగెత్తి "ఫుల్!" అని అరవాలి. ఫుల్ అంటే అందరూ వచ్చేశారని. పన్నెండేళ్ళ కిందట పీఈటీ సార్ పిల్లల్లో చురుకుదనం పెంచడానికి ఈ కప్పు పెట్టారు. చురుకుదనం బాగానే పెరిగింది. మొదట ఆరు నిమిషాలు పట్టేది, ఇప్పుడు మూడు నిమిషాల నలభై సెకన్లు.

లీడరు ఎవరినీ లెక్కపెట్టడు. లెక్కపెడితే కప్పు పోతుంది. టీచర్లు లెక్కపెట్టరు. పెట్టాలన్నా, ఈ పూట ఎంతమంది వచ్చారో రాసిన పట్టీ ఆఫీసులో ఉంటుంది. దాన్ని అక్కడికి మోసుకెళ్ళింది ఐదులమ్మే. ఇంత పకడ్బందీగా ఎవరికీ ఏమీ తెలియకుండా ఏర్పాటు చేసుకున్న బడి ఇంకోటి ఉంటుందా అంటే, నాకైతే అనుమానమే.

పోయినేడు కప్పు ఇచ్చేశారు, ఫొటోలు దిగారు, డ్రిల్లు చూడడానికి వచ్చిన ఫైర్ ఆఫీసరు సర్టిఫికెట్ మీద సంతకం చేసి వెళ్ళిపోయారు. ఐదులమ్మ మరుగుదొడ్లు కడగడానికి పైకెళ్ళింది. చివరి గది ముందు నేలమీద ఒకటో తరగతి పిల్ల కూర్చుని ఉంది. తలుపు గడియ పట్టేసి చాలాసేపు లోపలే ఉండిపోయిందట. ఎలాగో ఊడబెరుక్కుని బయటికొచ్చేసరికి అంతస్తులో మనిషి అలికిడి లేదు. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన మొహం.

"అందరూ ఇళ్ళకెళ్ళిపోయారా?" అని అడిగింది.

ఒకటో తరగతి లీడరు ఫుల్ అని అరవడం ఐదులమ్మ చెవులారా వింది. ఆ అరుపుకు పక్కనున్న టీచరు చప్పట్లు కొట్టడం కళ్ళారా చూసింది.

ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ప్రిన్సిపాల్ మేడమ్ చెడ్డమనిషి కాదు. ఒకేసారి మూడు ఫోన్లు మోగే బల్ల ముందు కూర్చుని, ఏ ఫోనులోంచి ఏ తల్లి అరుస్తుందోనని బతికే మనిషి.

"దొరికింది కదా, ఐదులమ్మా. పిల్ల బాగానే ఉంది కదా," అంది మేడమ్.

"దొరికింది కాబట్టి నేనొచ్చి చెప్తున్నానండీ. దొరక్కపోతే మీరే నన్ను పిలిచి అడిగేవారు."

"వచ్చే ఏడు చూద్దాంలే."

ఏడాదంతా ఆమె ఆ మాట వదల్లేదు. పీఈటీ సార్‌ని మెట్ల దగ్గర పట్టుకుంది. "లెక్క చూసుకోకుండా ఫుల్ అనడమేంటి సార్?"

"డ్రిల్లంటే పిల్లల్ని దించడం. లెక్కలు లెక్కల టీచరు చూసుకుంటుంది," అని నవ్వారాయన. "నువ్వు దీన్ని ఆటల పోటీ అనుకుంటున్నావా ఏంటి?"

"నేననుకోవట్లేదు సార్. కప్పు కొన్నది మీరు."

ఆయన నవ్వు ఆగింది. ఆ తర్వాత ఆమె కనిపిస్తే ఇనప మెట్లమీదుగా దిగిపోయేవారు.

ఈ ఏడు సర్క్యులర్ మామూలుగానే వచ్చింది. కింద ఒక కొత్త వాక్యం చేరింది: ఆ రోజు రెండో పీరియడు నుంచి పిల్లలను మరుగుదొడ్లకు పంపరాదు. ఐదులమ్మ మాటకు దక్కిన ఫలితం ఇదీ. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, తాళాల గుత్తితోపాటు జేబులో పెట్టుకుంది. నిప్పు కూడా సర్క్యులర్ చదువుకుని వస్తుందేమో అనుకుంది.

ఆమె ఎవరినీ దాచలేదు. తర్వాత చాలామంది దాచిందన్నారు కాబట్టి ఈ ముక్క గట్టిగా చెప్పాలి. సైరన్ మోగేటప్పటికి తరగతిలో లేని పిల్లలు తనవైపు వస్తే వాళ్ళను తన దగ్గర నిలబెట్టుకుంది, అంతే. గదిలో పడుకున్న జ్వరం పిల్లలు ఇద్దరు. మాట్లాడినందుకు వరండాలో నిలబెట్టిన వాడొకడు. భూగోళం మాప్ తెమ్మని పంపిన ఐదో తరగతి బి సెక్షను ఆడపిల్లలిద్దరు. సర్క్యులర్‌ను లక్ష్యపెట్టకుండా మరుగుదొడ్డికి వచ్చినవాడు ఒకడు. పీఈటీ సార్ ఈల ఆఫీసులో మర్చిపోతే తేవడానికి బయల్దేరినవాడు ఇంకొకడు. మొత్తం ఏడుగురు.

"ఐదులమ్మా, మేం పోవాలి. మా సెక్షన్‌కి కప్పు పోతుంది," అంది మాప్ పట్టుకున్న పిల్ల, కాళ్ళు నిలవక.

"పోదు. చూస్తూ ఉండు."

రెండో అంతస్తు మలుపులో కిటికీ పక్కన నిలబడ్డారు. కిందినుంచి అరుపులు వినిపించసాగాయి. ఫుల్! ఫుల్! ఐదో తరగతి బి సెక్షను అందరికంటే ముందు. ఐదులమ్మ వేళ్ళు మడిచింది. పద్నాలుగో ఫుల్ కూడా వినపడింది. చప్పట్లు మోగాయి.

"అదుగో, మాకే వచ్చింది!" అని ఆ ఇద్దరు పిల్లలు ఎగిరి గంతేశారు. తాము లేకుండానే తమ సెక్షను నిండిపోయిందన్న సంగతి వాళ్ళకు తట్టనేలేదు. వరండా కుర్రాడికి మాత్రం తట్టింది. "మరి మేం?" అన్నాడు నెమ్మదిగా.

"పదండి," అంది ఐదులమ్మ.

జ్వరం పిల్లల్నిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని, మిగతా ఐదుగురినీ ముందు నడిపించుకుంటూ మెట్లు దిగింది. మైదానంలో కప్పు ప్రిన్సిపాల్ చేతుల్లోంచి లీడరు చేతుల్లోకి సగం దూరం వచ్చి ఉంది. ఫైర్ ఆఫీసరు బల్ల దగ్గర కూర్చుని సర్టిఫికెట్ మీద పెన్ను పెట్టబోతున్నాడు. ఐదువందల మంది మధ్యలోంచి ఐదులమ్మ తిన్నగా ఆ బల్ల దగ్గరికి నడిచింది.

"ఏడుగురు మిగిలారండి," అంది. "ఎక్కడ నిలబెట్టమంటారు?"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట గేటు దాకా వినిపించింది.

ఫైర్ ఆఫీసరు నడివయసు మనిషి, ఇలాంటి సర్టిఫికెట్లు కొన్ని వందలు రాసి అలసిపోయినవాడు. ఏడుగురినీ ఒక్కొక్కరినే చూశాడు. జ్వరం పిల్ల నుదురు తాకి చూశాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టాడు.

"మేడమ్, పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తాను. ఏ రోజో మీకొక్కరికే చెప్తాను, అదీ ఆ పూట పొద్దునే," అన్నాడు.

సర్టిఫికెట్ లేకపోతే బడి గుర్తింపు ఆగిపోతుంది. సాయంత్రం బడి విడిచేలోగా ఐదులమ్మ చేతికి మెమో వచ్చింది. విధులకు భంగం కలిగించినందుకు, పిల్లలను అడ్డగించినందుకు నిన్ను ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో మూడు రోజుల్లో రాసి ఇమ్మని.

ఆదివారం పొద్దున వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని ఆమె నిలబడే రాయడం మొదలుపెట్టింది. భర్త బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు. గుమ్మంలో కూర్చుని ఇంట్లో పాడైన ఫ్యానుకు బేరింగు మారుస్తున్నాడు.

"తప్పయింది, క్షమించండి అని రెండు ముక్కలు గీకి పడెయ్యవే. ఇంకా ఐదేళ్ళ సర్వీసుంది."

"తప్పెవరిదయ్యా?"

"ఎవరిదైతే ఏంటి? క్షమాపణ అడిగేది ఎప్పుడూ చిన్న జీతంవాళ్ళే."

"నువ్వు బ్రేకులు చూడకుండానే చూశానని సంతకం పెట్టి బస్సు బయటికి పంపించావా ఎప్పుడైనా?"

అతను స్క్రూడ్రైవరు ఆపాడు. "పంపమన్నారు. రెండుసార్లు. పంపలేదు."

"మరి?"

"మరేముంది. నన్ను ఆర్నెల్లు టైర్ల షెడ్డులో పడేశారు." కొంచెంసేపు ఫ్యాను రెక్కలు తిప్పి చూశాడు. "రాసుకో, రాసుకో. నీతో వాదించి నేను గెలిచిందెప్పుడు? అక్షరాలు మాత్రం పెద్దవిగా రాయి. మీ మేడమ్‌కి కళ్ళజోడు సరిపోవట్లేదన్నావుగా."

ఆమె రాసింది ఇది: "ఆ రోజు పద్నాలుగు సెక్షన్లు ఫుల్ అన్నాయి. అప్పుడు ఏడుగురు నా దగ్గర ఉన్నారు. పోయినేడు ఒక పిల్ల ఎవరి దగ్గరా లేదు. ఎవరు లేరో తెలియాలంటే ముందు ఎంతమంది ఉన్నారో తెలియాలి. పట్టీలు ఆఫీసుకు తెచ్చేది నేనే కాబట్టి ఆ తప్పులో నాకూ భాగం ఉంది. దానికి మాత్రం క్షమించండి."

సోమవారం ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని కళ్ళజోడు ఎత్తి, దించి చదివింది.

"నీవల్ల బడి పరువు బజారున పడింది, తెలుసా?"

"పరువు బయటికే వచ్చిందండీ. రానిది పిల్లలే."

మేడమ్ మొహం ఎర్రబడింది. ఒక ఫోను మోగింది, తియ్యలేదు. రెండోది మోగింది, దాన్నీ తియ్యలేదు. బల్ల మీద వేళ్ళతో కొడుతూ కిటికీలోంచి మైదానం వైపు చూసింది. ఆమె అప్పుడు ఏం చూసిందో చెప్పలేను. మనసు కరిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది కానీ, ఫైర్ ఆఫీసరు పెట్టిన గడువు కళ్ళముందు కదిలిందన్నది నిజానికి దగ్గరగా ఉంటుంది.

"ఏం చెయ్యాలంటావు? చెప్పు."

ఐదులమ్మ చెప్పింది. హాజరు తీసుకోగానే ఎంతమంది వచ్చారో పలక మీద రాసి తలుపు పక్కన మేకుకు తగిలించాలి. బయటికొచ్చేటప్పుడు టీచరు ఆ పలక పట్టుకుని రావాలి. మైదానంలో పిల్లల్ని ఐదేసి మందిగా కూర్చోబెట్టాలి, లెక్క సరిపోతే పలక పైకెత్తాలి, సరిపోకపోతే ఎత్తకూడదు. అంతస్తుకొక మనిషి మరుగుదొడ్లూ ఖాళీ గదులూ చూసి ఆఖర్న దిగాలి. కప్పు ఉండకూడదు.

"కప్పు పీఈటీ సార్‌ది. ఆయన్ని నువ్వే ఒప్పించుకో," అంది మేడమ్. కాగితం మీద "చూశాను" అని రాసి ఫైలులో పెట్టింది. మెమో వెనక్కి తీసుకున్నానని అనలేదు. ఈ రోజుకీ అనలేదు.

పీఈటీ సార్ ఇనప మెట్లు దిగబోతుంటే ఐదులమ్మ కింద నిలబడి ఉంది.

"సార్, ఈల కోసం మీరు పంపినవాడు కూడా ఆ ఏడుగురిలో ఉన్నాడు."

ఆయన మూడో మెట్టు మీదే ఆగిపోయారు. బుర్ర గోక్కున్నారు. "నేనే పంపాను కదూ," అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయనే సున్నం డబ్బా పట్టుకుని మైదానంలో ఐదేసి మంది పట్టే గళ్ళు గీశారు. కప్పు గురించి మాత్రం మాట్లాడలేదు. అద్దాల బీరువాలోంచి అది ఎప్పుడు మాయమైందో ఎవరికీ తెలియదు.

టీచర్లకు లెక్కపెట్టడం నేర్పడంతో ఐదులమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. డిగ్రీలున్నవాళ్ళకు ఆయా లెక్కలు నేర్పడమేమిటని కొందరు మొహాలు ముడుచుకున్నారు. లెక్కల టీచరు అందరికంటే ముందు లేచి తన సెక్షనును లెక్కపెట్టింది. మొదటిసారి నలభై ఒకటి, రెండోసారి ముప్పై తొమ్మిది, మూడోసారి నలభై నాలుగు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

"కదలకండర్రా!"

"కదుల్తారు మేడమ్, పిల్లలన్నాక. అందరూ వచ్చాక లెక్కపెడితే దొరకరు. వచ్చి కూర్చుంటున్నప్పుడే లెక్కపెట్టండి," అంది ఐదులమ్మ. "ఒక గడి నిండిందా, ఇంక దాన్ని చూడకండి. పక్క గడికి పోండి."

నాలుగోసారి నలభై రెండు వచ్చింది. పలక మీదా నలభై రెండే. లెక్కల టీచరు పలకను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఉద్యోగంలో చేరిన కొత్తలో నవ్వినట్టు నవ్వింది.

పదకొండో రోజున సైరన్ మోగింది. పదిన్నరకు కాదు, మధ్యాహ్నం భోజనాల వేళ. కొందరు చేతులు కడుక్కుంటున్నారు, కొందరు చెట్ల కింద, కొందరు లైబ్రరీలో, కొందరు ఎక్కడున్నారో వాళ్ళకే తెలియదు. టిఫిన్ డబ్బాల మూతలు దొర్లాయి. ఒక టీచరు పలక మర్చిపోయి సగం మెట్లు దిగి మళ్ళీ పైకి పరిగెత్తబోతే, అంతస్తు చూసి దిగుతున్న ఐదులమ్మ రెండు చేతులూ చాచి ఆపింది. "వెనక్కి పోకూడదు. మీ పలక నేను తెస్తున్నా." తెచ్చింది కూడా. ఆ అంతస్తు పలకలన్నిటినీ దిగేటప్పుడు చూసుకోవాలని ఆమె ముందే అనుకుంది.

గళ్ళు నిండడానికి చాలాసేపు పట్టింది. పలకలు ఒక్కొక్కటే లేచాయి. మూడు, ఐదు, తొమ్మిది. ఐదో తరగతి బి సెక్షను పలక లేవలేదు. ఒకడు తక్కువ. ఆ టీచరు మొహం పాలిపోయింది కానీ పలక ఎత్తలేదు. పక్క సెక్షన్లవాళ్ళు చూస్తున్నా ఎత్తలేదు. నీళ్ళ ట్యాంకు వెనక బంతి వెతుక్కుంటున్నవాణ్ణి వంటమనిషి భుజం పట్టుకుని తీసుకొచ్చి గడిలో కూలేసింది. పద్నాలుగో పలక లేచింది.

ఫైర్ ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "పదకొండు నిమిషాలు."

మూడు నిమిషాల నలభై సెకన్ల బడి తల దించుకుంది. ప్రిన్సిపాల్ ఏదో సర్దిచెప్పబోయింది. ఈలోగా ఐదులమ్మ టీచర్ల గుంపువైపు తిరిగింది. పెదవులు కదిలాయి. ఇంకోసారి కదిలాయి.

"మేడమ్, పెద్దవాళ్ళ పలక ఏదండీ?"

"పెద్దవాళ్ళ పలకా?"

"ఈ రోజు డ్యూటీలో ముప్పై ఒక్కరున్నారు. సంతకాల పుస్తకం పొద్దున నేను చూశాను. ఇక్కడ నాతో కలిపి ముప్పై మందే ఉన్నారు."

ఎవరు లేరో తేలడానికి ఇంకో నిమిషం పట్టింది. ఎందుకంటే పెద్దవాళ్ళు పిల్లలకంటే ఎక్కువ కదులుతారు. చివరికి ప్రిన్సిపాల్ తానే ముందుకొచ్చి ఒక గడిలో నేలమీద కూర్చుంది. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని పక్కన చేరారు. ఐదు, పది, పదిహేను. పీఈటీ సార్ మోకాళ్ళు పట్టుకుంటూ కూర్చున్నారు. లెక్కపెడుతూ నిలబడ్డ ఐదులమ్మ తప్ప అందరూ కూర్చున్నా చివరి గడి నిండలేదు, అందులో నలుగురే.

"గుమాస్తాగారు," అంది లెక్కల టీచరు.

ఐదులమ్మ పరిగెత్తలేదు. పైకి పోవలసినవాళ్ళు ఫైర్ ఆఫీసరు వెంట వచ్చిన ఇద్దరు సిబ్బంది. వాళ్ళకు రికార్డు గది ఎటో చేత్తో చూపించింది. గుమాస్తాగారు ప్రశాంతంగా తినడానికి ఆ గది లోపల గడియ పెట్టుకుని, ఫ్యాను పెద్దదిగా పెట్టుకుని కూర్చుంటారని బడిలో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరికీ గుర్తు రాలేదు. నాలుగు నిమిషాల తర్వాత ఆయన ఇద్దరి మధ్యా దిగాడు. ఒక చేతిలో చెంచా ఉంది.

"ఏమైంది? ఏమైంది?" అంటున్నాడు.

"ఏం కాలేదు, ఇక్కడ కూర్చోండి," అంది ఐదులమ్మ, ఖాళీ స్థానం చూపిస్తూ. ఆయన కూర్చున్నాక ఆఫీసరు వైపు తిరిగింది. "నాతో కలిపి ముప్పై ఒకటి. ఇప్పుడు చూడండి సార్ టైము."

"పదహారు నిమిషాలు," అన్నాడతను. "ఇలా అయితే సంతకం పెట్టలేను."

"పెట్టొద్దండీ," అంది ప్రిన్సిపాల్ నేలమీదినుంచే. ఆ మాట ఆమె నోటినుంచి వస్తుందని ఎవరూ అనుకోలేదు. బహుశా ఆమె కూడా అనుకోలేదు. లేచి, దుమ్ము దులుపుకుని, ఒకటో తరగతి టీచరు చేతిలో ఉన్న పలక అడిగి తీసుకుంది. దాన్ని తిప్పి ఖాళీగా ఉన్న వెనకవైపు 31 అని వేసింది. "వచ్చే వారం మళ్ళీ రండి. ఈసారి ఏ రోజో నాక్కూడా చెప్పకండి."